నైట్ డ్యూటీ ఆయమ్మలు మా సెన్సర్ షీట్ వాడటం మానేశారు, ఎక్కడ తప్పు చేశామో చెప్పండి

హొరమావు_డిజైనర్:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి, నిజంగా సాయం కావాలి.

నేను బెంగళూరులో ప్రొడక్ట్ డిజైనర్‌ని, మాది హిందూపురం. మేం నలుగురం కలిసి రెండేళ్ళుగా పెద్దవాళ్ళ కేర్ హోముల కోసం రెండు వస్తువులు చేస్తున్నాం. ఒకటి నడుము కిందికి అడ్డంగా వేసే డ్రా షీట్, దాంట్లో వెండి పూత ఉన్న నైలాన్ దారం వరసలు వరసలుగా నేయించాం, తడి తగలగానే వరసకీ వరసకీ మధ్య కరెంటు పారుతుంది, మంచానికి తగిలించిన చిన్న డబ్బా అది పట్టుకుని ఫోన్‌కి మెసేజ్ పంపిస్తుంది. తడిలో గంటలు గంటలు పడుకుంటే చర్మం నానిపోయి బెడ్ సోర్ వస్తుంది కదా, అది ఆపాలని. రెండోది యూరిన్ ఇన్ఫెక్షన్ చూసే రంగు గళ్ళ స్ట్రిప్. స్ట్రిప్ మాది కాదు, బయట దొరికేదే, దాన్ని ఫోటో తీస్తే రంగులు చదివి చెప్పే యాప్ మాది.

సిటీ శివార్లలో ఒక హోమ్ వాళ్ళు ఒప్పుకున్నారు, పేరు వద్దు, 22 మంచాలు, ఆరు వారాలు. మొదటి వారం అందరూ బాగా వాడారు. మూడో వారానికి సగం డబ్బాలు ఆఫ్‌లో ఉన్నాయి. ఛార్జింగ్ సమస్య అనుకుని బ్యాటరీ పెద్దది వేశాం, ఏం మారలేదు. ఐదో వారం ఇక లాభం లేదని నేనే వెళ్ళి ఒక రాత్రంతా హాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నా.

రాత్రి రెండింటికి ఒక ఆయమ్మ, కదిరి వైపు ఆవిడ, యాభై దాటి ఉంటాయి, ఏడో మంచం పెద్దాయనకి స్ట్రిప్ చూడాలి. చేతికి గ్లౌజులు ఒక సైజు పెద్దవి, వేళ్ళ చివర్లు వేలాడుతున్నాయి. స్ట్రిప్ డబ్బా మూత గ్లౌజుతో రాలేదు, డబ్బాని చంకలో నొక్కి పెట్టుకుని తిప్పి తీసింది. స్ట్రిప్ ముంచింది. గదిలో నీలం జీరో బల్బు, ఆ వెలుతురులో కెమెరాకి రంగులు అందలేదు, లైటు చాలదని ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది, ఆవిడకి ఇంగ్లీషు రాదు. పెద్ద లైటు వేస్తే మిగతా ముగ్గురూ లేస్తారు. అందుకని వరండాలోకి వచ్చి ట్యూబ్‌లైటు కింద స్ట్రిప్‌ని పైకి పట్టుకుని నిలబడింది, ఇంతలో లోపల ఇంకో మంచం నుంచి పిలుపు, స్ట్రిప్‌ని కిటికీ గట్టు మీద పెట్టి పరిగెత్తింది. పావుగంట తర్వాత వచ్చి అదే స్ట్రిప్‌కి ఫోటో తీసింది. అప్పటికి ఆ రంగులకి అర్థమే లేదు. మా యాప్ మాత్రం ఏ అనుమానం లేకుండా రిజల్ట్ ఇచ్చేసింది.

షీట్లేమో బీరువాలో ఉన్నాయి, చక్కగా మడతలు పెట్టి. అడిగితే "మంచి బట్ట సార్, పాడైపోతాదని దాచినాం" అంది. అది అసలు కారణం కాదని ఆవిడ మొహంలోనే తెలిసిపోయింది, అసలు కారణం మాత్రం చెప్పలేదు.

డిజైన్ మొదలుపెట్టే ముందు మేం చాలామందిని కలిశాం, హోమ్ ఓనర్లు, ఇద్దరు డాక్టర్లు, పేషెంట్ల పిల్లలు పదిమంది దాకా. ఆ లిస్టు మళ్ళీ తీసి చూస్తే అందులో ఆయమ్మ ఒక్కరు కూడా లేరు. ఇప్పుడు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? నర్సులు, ఇంట్లో చూసుకునేవాళ్ళు, బట్ట తెలిసినవాళ్ళు, టెస్ట్ కిట్లు తెలిసినవాళ్ళు ఎవరున్నా చెప్పండి, మొహమాటం వద్దు.


వైట్‌ఫీల్డ్_వాసు:

బ్రో, ప్రోడక్ట్ బాగానే ఉంది, ట్రైనింగ్ సరిపోలేదనిపిస్తోంది. మా ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ ఏది వచ్చినా మొదట్లో ఎవరూ ముట్టుకోరు, రెండు మూడు సెషన్లు పెట్టి, వాడకపోతే పైవాళ్ళకి రిపోర్ట్ వెళ్ళేలా చేస్తే దారిలో పడతారు. యాప్‌లో తెలుగు, కన్నడ పెట్టండి, సగం సమస్య తీరుతుంది.


నైట్_డ్యూటీ_సిస్టర్:

వాసు గారూ, పైవాళ్ళకి రిపోర్ట్ వెళ్ళేలా అన్నారు కదా, నాకు అనుమానం అంతా అక్కడే.

నేను స్టాఫ్ నర్సుని, మాది పీలేరు, బెంగళూరు వచ్చి పదకొండేళ్ళయింది, అందులో ఎక్కువ భాగం నైట్లే. డిజైనర్ అన్నా, ఒక్కటి చెప్పండి, మీ డబ్బా తడి అయిన టైమ్, మార్చిన టైమ్ రెండూ దాచిపెడుతుందా? అది ఎవరి ఫోన్‌లో కనిపిస్తుంది? ఓనర్ చూడగలిగితే మీ షీట్లు ఎందుకు బీరువాలోకి పోయాయో నేను ఇక్కడ నుంచే చెప్తాను. 2:10కి తడి, 2:50కి మార్చారు అని ఉంటుంది. మధ్యలో ఆ నలభై నిమిషాలు ఆవిడ ఇంకో పెద్దావిడ వాంతి చేసుకుంటే శుభ్రం చేస్తోందని మీ డబ్బాకి తెలీదు. నెలాఖరుకి జీతం ఇచ్చేటప్పుడు ఆ కాగితం ముందు పెడతారు. ఇంకో చోట ఇలాగే జరగడం నేను కళ్ళారా చూశాను, అక్కడ పెట్టింది షీట్ కాదు, కాలింగ్ బెల్ టైమ్ రాసే మిషన్. వారం తిరక్కుండా బెల్ వైర్లు ఊడిపోయి ఉండేవి, ఎవరు పీకారో ఎవరికీ తెలీదు.

ఇంకో పెద్ద సంగతి. రాత్రి పూట దాదాపు అందరికీ డైపర్ ఉంటుంది. డైపర్ నిండి పక్కలనుంచి కారితే తప్ప మీ షీట్‌కి తడి తగలదు. అంటే మీ మెసేజ్ వచ్చేసరికి ఆ మనిషి ఎంతసేపటి నుంచి తడిలో ఉన్నాడో. ఈ మాట ఒక్క ఆయమ్మని అడిగినా మొదటి రోజే చెప్పేది.

ఫోన్ గురించి కూడా చెప్పాలి. చాలా హోముల్లో డ్యూటీ ఎక్కగానే ఆయమ్మల ఫోన్లు లాకర్లో పెట్టించేస్తారు. వార్డుకి ఒక ఫోన్ ఉంటుంది, అది సిస్టర్ టేబుల్ మీద. మెసేజ్ వచ్చినా ఆ టేబుల్ దగ్గర ఎవరుంటారు? భాష సంగతంటారా, మా దగ్గర కదిరి, మదనపల్లి, రాయచూరు, ఒడిశా, అస్సాం నుంచి వచ్చినవాళ్ళు కలిసి పనిచేస్తున్నారు, కొంతమందికి ఏ భాషా చదవడం రాదు, కానీ పని మాత్రం నాకంటే బాగా వచ్చు. రెండు గంటలకోసారి పక్క మార్చడం, ఏ పెద్దాయనకి ఏ వైపు నొప్పో, ఎవరిని ముట్టుకుంటే ఉలిక్కిపడతారో అన్నీ వాళ్ళ చేతుల్లో ఉంటాయి. తడి చూడటానికి అరచెయ్యి పెట్టరు, చేతి వెనక భాగం పెడతారు, చల్లదనం అక్కడ తొందరగా తెలుస్తుంది. అన్నా, మీరు ముందు వాళ్ళ చెయ్యి ఏం చేస్తోందో చూడండి. ఆ చెయ్యి ఎక్కడికి పోలేదో అక్కడ మీ సెన్సర్ పెట్టండి. నిద్రపోతున్న మనిషిని లేపకుండా కిందకి చెయ్యి పోదు, మీరు సాయం చేయగలిగేది అక్కడ.

మోత మాత్రం పెట్టకండి. ఇప్పటికే ఎయిర్ బెడ్ పంపు, ఆక్సిజన్ మిషన్, సెలైన్ పంపు, అన్నీ అరుస్తూ ఉంటాయి. ఇరవై సార్లు ఊరికే మోగిన దానికి ఇరవై ఒకటోసారి ఎవరూ లేవరు.


మగ్గం_మనవడు:

సిస్టర్ గారు చెప్పింది చదివాక నేను బట్ట గురించి మాట్లాడతా. మాది ధర్మవరం, మూడు తరాలు మగ్గం, నేను మాత్రం బెంగళూరులో టెక్స్‌టైల్ టెస్టింగ్‌లో ఉన్నా.

డ్రా షీట్‌ని వాళ్ళు పరుచుకోవడానికి మాత్రమే వాడరన్నా. మనిషిని పక్కకి తిప్పాలన్నా పైకి జరపాలన్నా ఇద్దరూ రెండు అంచులు పట్టుకుని అదే షీట్‌తో లేపి లాగుతారు. అంటే అరవై డెబ్బై కేజీల మనిషి బరువు ఆ బట్ట మీద అడ్డంగా పడుతుంది, రాత్రికి నాలుగైదు సార్లు. మీ వెండి దారం ఆ లాగే దిశలోనే ఉంటే మొదట పూత పగులుతుంది, తర్వాత దారం తెగుతుంది, నైలాన్ సాగుతుంది గానీ వెండి పూత అంత సాగదు. పడుగులో (నిలువు దారం) వేశారా పేకలో (అడ్డ దారం) వేశారా చూడండి. లాగే దిశకి అడ్డంగా, కొంచెం వంకీలు పోయేలా వేస్తే చాలా కాలం వస్తుంది.

రెండోది ఉతుకు. మలమూత్రాలు అంటిన షీట్లని హోముల్లో బ్లీచ్ నీళ్ళలో నానబెడతారు, అది తప్పనిసరి. క్లోరిన్‌కీ వెండికీ పడదు, పైన పొర కట్టి నల్లబడిపోతుంది, కరెంటు సరిగ్గా పారదు. పైగా సరిగ్గా జాడించకపోతే సబ్బు ఉప్పు బట్టలో ఉండిపోతుంది, జూలై ఆగస్టు ముసురులో ఆరని షీట్ వేశారంటే ఆ ఉప్పూ చెమ్మా కలిసి మీ డబ్బాకి తడి అన్నట్టే కనిపిస్తుంది. ఊరికే మోగేది అందుకే కావచ్చు. మీ షీట్‌ని ఆ హోమ్ దోభీకే ఇచ్చి ముప్పైసార్లు ఉతికించండి, ఒక్కో ఉతుక్కీ మల్టీమీటర్ (కరెంటు పారుతోందో లేదో చూసే మీటర్) పెట్టి రాసుకోండి. మీ ఆఫీసు వాషింగ్ మెషిన్లో ఉతికితే ఏమీ తెలీదు.

ఇది వేరే ముచ్చట గానీ చెప్పకుండా ఉండలేను. మీరు స్మార్ట్ బట్ట అంటున్నది మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉంది. అసలు జరీ అంటే పట్టు దారం చుట్టూ సన్నటి వెండి తీగ చుట్టి పైన బంగారు పూత వేసేది. మా తాత దారాన్ని గోటితో గీకి చూసేవాడు, లోపల ఎర్ర పట్టు కనిపిస్తే అసలుది. పాత పట్టుచీర అంచు మీద మల్టీమీటర్ పెడితే చక్కగా కూతపెడుతుంది, ఇప్పుడొచ్చే ప్లాస్టిక్ జరీ మీద పెడితే పలకదు. 1990ల చివర్లో అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్ళు బట్ట మీద సర్క్యూట్లు కట్టడం మొదలుపెట్టినప్పుడు వాడిన వాటిలో ఒకటి లోహపు దారం కలిపి నేసిన సిల్క్ ఆర్గంజానే, అంటే పల్చటి పట్టుబట్ట. మన బెంగళూరులోనే అచిరా ల్యాబ్స్ వాళ్ళు పట్టు దారానికి టెస్ట్ మందు పూసి మగ్గం మీద నేసి, ఆ బట్టని ముక్కలు కోసి రక్తపరీక్ష స్ట్రిప్‌లు చేశారు, 2011లోనే దాని మీద పేపర్ వేశారు. ఒక్కో దారానికి ఒక్కో టెస్ట్, మగ్గమే ఫ్యాక్టరీ. ఇది మొదటిసారి చదివిన రోజు మా నాన్నకి ఫోన్ చేసి చదివి వినిపించా.


స్ట్రిప్_లైన్:

నేను రాపిడ్ టెస్ట్ కిట్ల తయారీలో ఉన్నా, పీణ్యా వైపు. స్ట్రిప్ భాగం వరకు చెప్తా, ఒక్క మాట మీకు నచ్చకపోవచ్చు, దాన్ని ముందే చెప్పేస్తా.

పెద్దవాళ్ళలో యూరిన్ ఇన్ఫెక్షన్‌కి ఆ రంగు స్ట్రిప్ నమ్మదగిన టెస్ట్ కాదు. వయసు పైబడ్డాక చాలామందికి మూత్రంలో బాక్టీరియా ఊరికే ఉంటుంది, ఏ ఇబ్బందీ పెట్టదు. కాథెటర్ (మూత్రం పైపు) నెల రోజులు ఉంటే దాదాపు అందరికీ ఉంటుంది. స్ట్రిప్ మీద పాజిటివ్ కనిపిస్తుంది, యాంటీబయాటిక్ మొదలవుతుంది, అవసరం లేకుండా. అందుకే ఇంగ్లండ్‌లో 65 దాటినవాళ్ళకి ఇన్ఫెక్షన్ తేల్చడానికి డిప్ స్టిక్, అంటే ఈ రంగు స్ట్రిప్, వాడొద్దనే చెప్తారు, జ్వరం, మంట, ఉన్నట్టుండి తికమక పడటం లాంటి లక్షణాలు చూసి, కావాలంటే కల్చర్‌కి, అంటే ల్యాబ్‌లో బాక్టీరియా పెంచి చూసే టెస్టుకి, పంపమంటారు. మీ యాప్ ఎంత బాగా రంగు చదివినా, అడుగుతున్న ప్రశ్నే ఆ వయసుకి సరిపోదు. యాప్ పక్కన పెట్టేయండి, నా సలహా అది. రెండేళ్ళ పని, బాధగా ఉంటుందని తెలుసు.

ఇక ఆ పావుగంట సంగతి. ఆ స్ట్రిప్ మీద ఒక్కో గడికి ఒక్కో టైమ్, షుగర్ గడి 30 సెకన్లు, బాక్టీరియా జాడ చూపే నైట్రైట్ గడి 60 సెకన్లు, తెల్లకణాల గడి 2 నిమిషాలు. ఆ తర్వాత వచ్చే రంగు లెక్కలోకి రాదు. ఇద్దరు మనుషులు 22 మందిని చూసే చోట రెండు నిమిషాలు కదలకుండా నిలబడమని అడిగే డిజైన్ అది, ల్యాబ్‌లో బల్ల ముందు కూర్చున్నవాళ్ళ కోసం చేసింది, వార్డు కోసం కాదు.

గీతలు వచ్చే కిట్లు, అదే డెంగ్యూ, కోవిడ్, ప్రెగ్నెన్సీ రకం, కొంచెం నయం గానీ వాటికీ ఇలాంటి ఇబ్బందులే. కింద నైట్రోసెల్యులోజ్ అనే కాగితం లాంటి పొర, దాని మీద శాంపిల్ పాకుతూ పోతుంది, దారిలో బంగారపు నానో కణాలు కలుస్తాయి, మీకు కనిపించే ఎర్ర గీత ఆ బంగారమే. కంట్రోల్ గీత వచ్చిందంటే ద్రవం సరిగ్గా పాకింది, కిట్ పనిచేసింది అని మాత్రమే అర్థం, శాంపిల్ సరిగ్గా తీశారా అన్నది అది చెప్పదు. సగం మంది దాన్నే రిజల్ట్ అనుకుంటారు. ఇంకా పల్చటి గీత వస్తే "లేనట్టేలే" అంటారు, టైమ్ లోపల వస్తే పల్చటిదైనా పాజిటివే.

ఈ రంగంలో నాకు చాలా ఇష్టమైన కథ ఒకటుంది. 1967లో అమెరికాలో న్యూజెర్సీలో ఆర్గనాన్ అనే మందుల కంపెనీలో మార్గరెట్ క్రేన్ అనే గ్రాఫిక్ డిజైనర్ చేరింది, ఆమె పని కాస్మెటిక్స్ ప్యాకింగ్. ల్యాబ్‌లో వరసగా టెస్ట్ ట్యూబులు, కింద అద్దం చూసి ఇదేంటని అడిగితే ప్రెగ్నెన్సీ టెస్టులన్నారు. ఇంత సులువైతే ఆడవాళ్ళు ఇంట్లోనే చేసుకోవచ్చు కదా అనుకుని, తన టేబుల్ మీద పేపర్ క్లిప్పులు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, ట్యూబు, డ్రాపర్, అడుగున అద్దం అన్నీ అందులోనే ఒదిగేలా పెట్టి తయారు చేసింది. కంపెనీ మొదట ఒప్పుకోలేదు, తర్వాత వేరే డిజైనర్లతో నమూనాలు చేయించారు, వాటి మీద పువ్వులు, అలంకారాలు. ఆమెది మాత్రం ఏ అలంకారం లేకుండా లోపల ఏం జరుగుతోందో కనిపించే డబ్బా. చివరికి అదే వెళ్ళింది, 1971లో కెనడాలో అమ్మకానికి వచ్చింది. అందులో సైన్స్ అంతా పాతదే, ఎవరి చేతిలో ఉండాలన్నది ఒక్కటే మార్చింది ఆమె.

వెలుతురు సమస్యకి కూడా ఒక పాత జవాబు ఉంది. పోలియో చుక్కల సీసా మీద చిన్న గుండ్రం, మధ్యలో చదరం ఉంటుంది చూడండి, 1996 నుంచి ఉంది. వేడికి ఎంతసేపు గురైతే ఆ చదరం అంత ముదురుతుంది, గుండ్రం మాత్రం మారదు. చదరం గుండ్రం కంటే లేతగా ఉంటే వెయ్యొచ్చు, రెండూ ఒకటైపోతే పారేయాలి. పోల్చుకోవాల్సిన రెండు రంగులూ ఒకదానికొకటి ఆనుకుని ఒకే వెలుతురులో ఉన్నాయి కాబట్టి చెట్టు కిందైనా లాంతరు దగ్గరైనా తేడా తెలిసిపోతుంది. మన రంగు స్ట్రిప్‌లో స్ట్రిప్ చేతిలో, చార్టు డబ్బా మీద. తేడా అక్కడుంది. చదువు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, నా దృష్టిలో స్మార్ట్ మెటీరియల్ అంటే అదే.


ఐఐఎస్సీ_గేటు:

స్ట్రిప్_లైన్ గారి మాటకి ఇంకోటి జోడిస్తా. ఎంబ్రేస్ వార్మర్ అని బెంగళూరులో చేసింది, స్టాన్‌ఫోర్డ్‌లో ఒక క్లాసు ప్రాజెక్టుగా పుట్టి ఇక్కడికి వచ్చింది. నెలలు తక్కువ పిల్లల కోసం చిన్న సంచి, లోపల మైనం లాంటి పదార్థం, వేడి చేసి పెడితే గంటలపాటు 37 డిగ్రీలు నిలబెడుతుంది. మొదటి నమూనా మీద టెంపరేచర్ నంబర్లు ఉండేవి. ఒక పల్లెలో తల్లిని అడిగితే, ఇంగ్లీషు మందు పవర్ ఎక్కువ, డాక్టర్ 37 పెట్టమంటే నేను పిల్లకి మంచిదని కొంచెం తక్కువే పెడతాను అందట. మనూర్లో మాత్రలు సగం విరిచి వేస్తారు కదా, అదే ఆలోచన. అప్పుడు వాళ్ళు నంబర్లు తీసేసి సరిపోయిందా లేదా అని మాత్రమే చూపించేలా మార్చారు. ఇక్కడిదే బెంపూ వాళ్ళ టెంప్‌వాచ్ కూడా చూడండి, పసిబిడ్డ చేతికి కట్టే పట్టీ, ఒళ్ళు చల్లబడితే మోగుతుంది, తల్లి వెంటనే గుండెకి హత్తుకుంటుంది. కబురు వెళ్ళేది వెంటనే ఏదైనా చెయ్యగలిగిన మనిషికే. సిస్టర్ గారు అడిగింది అదే కదా.


నాన్న_దగ్గరే:

నేను అటు కంపెనీ మనిషిని కాదు, ఇటు నర్సునీ కాదు. మా నాన్నకి డిమెన్షియా (మతిమరుపు జబ్బు), ఆరేళ్ళుగా కేఆర్ పురంలో మా ఇంట్లోనే ఉన్నారు, లెక్కల మాస్టారు. ఇన్ని రిప్లైలలో మంచం మీద ఉన్న మనిషి గురించి ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నా.

మేం ఒకసారి తడి తెలిపే మ్యాట్ తెచ్చాం, ఏ కంపెనీదో వద్దు. పడుకుని కదిలితే కింద పాలిథిన్ కవర్ చప్పుడు. ఆయనకి ఆ చప్పుడు వర్షంలా వినిపించేది, లేచి కూర్చుని "కిటికీలు వెయ్యండమ్మా, పుస్తకాలు తడుస్తాయి" అనేవారు. పక్కన డబ్బా మీద ఎర్ర లైటు వెలిగి ఆరుతుంటే దాన్నే చూస్తూ రాత్రంతా నిద్రపోలేదు. మూడో రోజు వైరు పీకేశారు. మేం మొదట కోప్పడ్డాం, తర్వాత అర్థమైంది, ఆయన్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. డిమెన్షియా ఉన్నా సిగ్గు పోదండి. అందరి ముందు "తడిపారు" అనే మెసేజ్ ఫోన్‌లో మోగితే ఆయన తల దించుకోవడం నేను చూశాను.

ఇంకోటి, గ్లూకోమీటర్. ఒక మే నెలలో బంగినపల్లి తిని చెయ్యి తుడుచుకున్నారంతే, కడుక్కోలేదు, షుగర్ చూస్తే 340. నేను హడలిపోయి ఇంకాసేపుంటే హాస్పిటల్‌కి పరిగెత్తేదాన్నే, మా అత్తయ్య సబ్బుతో చెయ్యి కడిగించి మళ్ళీ చూడమంది, 168. వేలి మీద పండు రసం ఉంటే అది కూడా రక్తంలో కలిసిపోయి లెక్కలోకి వస్తుందని అప్పటిదాకా నాకు తెలీదు. మిషన్ తప్పు చెప్పలేదు, కానీ 340 అని చూపించిన చోటే చెయ్యి కడిగి మళ్ళీ చూడు అని ఒక చెయ్యి బొమ్మ, కుళాయి బొమ్మ చూపిస్తే ఎంత బాగుండేది. భయపడ్డ మనిషి పుస్తకం తీసి చదవదు కదా.

డిజైనర్ గారూ, మీ షీట్ చప్పుడు చేస్తుందా? ఒంటికి వెచ్చగా ఉంటుందా, జిగటగా ఉంటుందా? మీరెప్పుడైనా దాని మీద ఒక రాత్రి పడుకున్నారా?


నైట్_డ్యూటీ_సిస్టర్:

అక్కా, మాస్టారు గారి కిటికీల మాట చదివి కళ్ళు తడిసాయి. మా వార్డులో ఒక పెద్దావిడ కూడా అలాగే, మెషిన్ లైటు చూసి దీపం కొండెక్కుతోంది, నూనె పొయ్యండి అంటూ ఉంటుంది.


వైట్‌ఫీల్డ్_వాసు:

నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నా. రిపోర్ట్ మాట అలా అనకూడదు. చదివి నేర్చుకుంటున్నా, ఆపకండి.


హొరమావు_డిజైనర్:

అందరికీ చాలా థ్యాంక్స్. పది రోజుల తర్వాత వస్తున్నా, ఈ పది రోజుల్లో ఏం జరిగిందో చెప్తా.

మొదట నేను మా షీట్ మీద పడుకున్నా, రెండు రాత్రులు. చప్పుడు లేదు, కానీ దారం వరసలు ఉన్న చోట వీపుకి గీతలు పడ్డాయి. నాది ముప్పై నాలుగేళ్ళ చర్మం. ఎనభై ఏళ్ళ పల్చటి చర్మానికి ఏమవుతుందో తల్చుకుంటే భయమేసింది. బెడ్ సోర్ ఆపుదామని చేసిన షీట్ ఇది.

తర్వాత మళ్ళీ ఆ హోమ్‌కి వెళ్ళా, ఈసారి చేతిలో ఏమీ లేకుండా, మూడు రాత్రులు. మొదటి రాత్రి కదిరి ఆయమ్మకి చెప్పా, లాగ్ తీసేశాం, ఇక ఏ టైమూ ఎక్కడా దాచం, ఓనర్ గారికి కూడా చెప్పేశాం అని. ఆయన కొంచెం గొణిగారు గానీ ఒప్పుకున్నారు. సిస్టర్ గారూ, మీరన్నదే. రెండో వారంలోనే జీతం రోజు కాగితం చూపించి ఇద్దరికి కోశారట. నా యాప్ నుంచి తీసిన కాగితం అది. ఆవిడ చెప్తుంటే నేను ఆవిడ మొహం చూడలేకపోయా. ఆ డబ్బు వాళ్ళకి తిరిగి ఇప్పించే మాట ఓనర్‌తో మాట్లాడా, ఈ నెల ఇస్తామన్నారు, ఇచ్చేదాకా వదలను.

రెండో రాత్రి నేను ముందు ఎన్నిసార్లు వెళ్ళినా చూడనిది ఒకటి చూశా. మంచం రెయిలింగ్‌కి బట్టలు ఆరేసే క్లిప్పులు ఉన్నాయి, ప్లాస్టిక్‌వి, రంగురంగులవి. దండెం మీదివి ఎవరో మర్చిపోయారనుకున్నా ఇన్నాళ్ళూ. కాదు. ఆ పేషెంట్‌ని ఎడమ పక్కకి తిప్పితే క్లిప్పు ఎడమ రెయిలింగ్‌కి, కుడికి తిప్పితే కుడికి. డైపర్ మార్చితే ఇంకో క్లిప్పు కాళ్ళ వైపుకి. డ్యూటీ మారి పొద్దున వచ్చినావిడ ఎవర్నీ అడగక్కర్లేదు, గది గుమ్మంలో నిలబడి చూస్తే ఆ గదిలో మంచాలన్నిటి సంగతీ తెలిసిపోతుంది. ఏ భాషా అక్కర్లేదు, చీకట్లో తడిమినా తెలుస్తుంది. అస్సాం అమ్మాయికి కూడా అదే తెలుసు, ఎవరు మొదలుపెట్టారంటే ఎవరికీ గుర్తు లేదు.

మా నలుగురికీ అది చూపించా. యాప్ ఆపేశాం, స్ట్రిప్_లైన్ గారు చెప్పినట్టే, డాక్టర్‌ని అడిగితే ఆయన కూడా అదే అన్నారు. షీట్ కూడా ఇప్పటికి పక్కన పెట్టాం. డైపర్ అంచు దగ్గర బయటి వైపు అంటుకునే ఒక పల్చటి బట్ట ముక్క, ఒకసారి వాడి పారేసేది, దాన్ని చదివేది ఒక క్లిప్పు, అచ్చం బట్టల క్లిప్పులాంటిదే, లోపల చిన్న చిప్, కింది వైపు నేల మీద పడేలా చిన్న వెలుగు, పడుకున్న మనిషి కంటికి కనిపించదు, గుమ్మంలో నిలబడ్డ ఆయమ్మకి కనిపిస్తుంది. తీసి రెండో వైపు పెట్టగానే వెలుగు ఆగిపోతుంది, అదే మార్చినట్టు గుర్తు. ఎక్కడా ఏదీ రాసుకోదు. "తడి అయిందో లేదో నాకు చెప్పనక్కర్లేదు నాయనా, ముందు ఎవరి దగ్గరికి పోవాల్నో అది చెప్పు చాలు" అంది కదిరి ఆయమ్మ. అందుకని ఎంతసేపైతే వెలుగు అంత పెరుగుతుంది.

మగ్గం_మనవడు అన్నా, ఆ బట్ట ముక్కకి ధర్మవరంలో ఎవరైనా చిన్న మగ్గం మీద నమూనా నేసి ఇస్తారా? వెండి అక్కర్లేదు, కార్బన్ దారం చాలనుకుంటున్నాం, పారేసేది కదా. శనివారం ఎస్పీ రోడ్డుకి, ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే చోటికి, వెళ్తున్నా, క్లిప్పులో పట్టే బ్యాటరీ ఏది బాగుంటుందో ఎవరైనా చెప్తారా?


మగ్గం_మనవడు:

మా చిన్నాన్న దగ్గర చిన్న మగ్గం ఖాళీగా ఉంది. ఆదివారం ఊరికి వెళ్తున్నా, దారం ఇస్తే తీసుకెళ్తా. పేకలోనే వేయిద్దాం.


స్ట్రిప్_లైన్:

సీఆర్ 2032 నాణెం బ్యాటరీ. వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందం 3.2. వెలుగు సన్నగా పెట్టి, ఆగి ఆగి వెలిగేలా చేస్తే ఎక్కువ రోజులు లాగుతుంది.


నాన్న_దగ్గరే:

నాణెం బ్యాటరీ అయితే మూత స్క్రూతో బిగించండి, గోటితో వచ్చేలా పెట్టకండి. మా నాన్న చేతికి ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటారు, మాత్ర అనుకుని. ఆ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోతుంది. క్లిప్పు కూడా ఒక్కసారికి మింగలేనంత పెద్దదిగా ఉండాలి. మొదటి నమూనా రాగానే చెప్పండి, నాన్న దగ్గర పెట్టి చూద్దాం, ముందు ఆయన్ని అడిగి.